గ్వానబకోవాలో బోలా దె నియెవె జాడలు

క్యూబా రాజధాని హవానా వెళ్ళేవారిలో చాలామంది పాత నగరాన్ని, పాత అమెరికన్ కార్లను చూసి తిరిగివస్తారు. మేము మాత్రం ఒక గొంతును వెతుక్కుంటూ వెళ్ళాము. అది బోలా దె నియెవెగా పేరుపొందిన గాయకుడు, పియానో వాద్యకారుడు ఇగ్నాసియో విల్యాది. ఆయన 1911 సెప్టెంబరు 11న హవానా శివారైన గ్వానబకోవాలో పుట్టి, మూకీ సినిమాలకు పియానో వాయిస్తూ జీవనం ప్రారంభించారు. నల్లజాతి యువకుడికి బోలా దె నియెవె, అంటే మంచు ముద్ద, అని పేరు పెట్టడంలోని ఎగతాళి నన్ను నేటికీ బాధిస్తుంది; అయితే ఆయన ఆ పేరుతోనే గౌరవం సంపాదించుకున్నారు.

బసకు హవానాలోని వెదాదో పేటలో ఒక కుటుంబం అద్దెకిచ్చే గది తీసుకున్నాము. తలుపు మీద నీలిరంగు లంగరు గుర్తున్న ఇటువంటి ఇళ్ళను హోటళ్ళకన్నా మేలని చెబుతాను, ఎందుకంటే కరెంటు పోయిన రాత్రి ఇంటావిడ దీపంతో పాటు కాఫీ కూడా తెచ్చి, తనకు వచ్చిన బోలా పాటలు పాడి వినిపించారు. అమెరికన్ బ్యాంకుల కార్డులు అక్కడ చెల్లవు కనుక నగదు దగ్గర ఉంచుకోవాలి.

బోలా 1960లలో పాడిన మొన్సెన్యూర్ రెస్టారెంటు హోటల్ నాసియొనాల్‌కు ఎదురుగానే ఉంది. అయినా ఒక్క రోజే తీరిక ఉన్నవారు గ్వానబకోవాకే వెళ్ళాలని నా అభిప్రాయం. పాత హవానా రేవులో పడవ ఎక్కి రెగ్లాలో దిగి, అక్కడినుంచి బస్సులో వెళ్ళాము. తిరుగు ప్రయాణంలో టాక్సీ అతను ఒప్పుకున్న దానికి రెట్టింపు అడిగాడు. వెళ్ళిన దారినే తిరిగి రావడం మంచిది.

స్వరకర్త ఎర్నెస్తో లెక్యూనా, గాయని రీటా మోంటానెర్ పుట్టింది కూడా గ్వానబకోవాలోనే. 1933లో రీటాకు పక్కవాద్యంగా పియానో వాయించడానికి మెక్సికో వెళ్ళిన బోలా అక్కడే గాయకుడిగా నిలదొక్కుకున్నారు. తనది మామిడిపళ్ళు అమ్ముకునేవాడి గొంతని ఆయనే చెప్పుకునేవారు. ఆ మాటలోని నిజం నాకు ఆ ఊరి వీధిలో తెలిసింది: తోపుడుబండి మీద పళ్ళు పెట్టుకుని వస్తున్న ముసలాయన బొంగురు గొంతుతో కేక మొదలుపెట్టి, చివరి అక్షరాన్ని సాగదీసి, చటుక్కున తుంచేశాడు. బోలా కూడా అంతే. మాటను సగం పలికి, మిగతా సగాన్ని పియానో మెట్ల మీద వదిలేస్తారు.

పెరూలో కచేరీకి వెళ్తూ 1971 అక్టోబరు 2న ఆయన మెక్సికో నగరంలో కన్నుమూశారు. సమాధి గ్వానబకోవాలోనే ఉంది. ఎండ ముదరకముందే వెళ్ళి, అక్కడ కాసేపు కూర్చున్నాము.