నాలుగేళ్లుగా వాడుతున్న ఎయిర్‌బ్యాగ్ స్కానర్

మా కారు హారన్ మూగబోతే విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇచ్చాను. స్టీరింగ్ కింద చుట్టలా ఉండి హారన్‌కూ ఎయిర్‌బ్యాగ్‌కూ కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్ తెగిందని కొత్తది వేశారు. హారన్ మోగింది కానీ ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరలేదు. "బండికేమీ కాదు, నడుస్తుంది సార్" అన్నారు. నడుస్తుంది, నిజమే. కానీ ఆ దీపం వెలుగుతూ ఉన్నంతకాలం ప్రమాదంలో బ్యాగు విచ్చుకుంటుందనే భరోసా లేదు. ఇంకో షెడ్డులో దీపాన్నే తీసేస్తామన్నారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది.

అప్పుడు కొన్నాను ఈ స్కానర్‌ని. అంతకుముందున్న చిన్న బ్లూటూత్ పరికరం ఇంజిన్ లోపాల కోడ్‌లు మాత్రమే చదివేది. ఇది ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌తోనూ మాట్లాడుతుంది. పెట్టగానే డ్రైవర్ వైపు సర్క్యూట్ తెగి ఉందని చూపింది. తెలిసిన ఎలక్ట్రీషియన్ బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగాడు. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో కరెంటు దాచే కెపాసిటర్‌లో అది కొంతసేపు నిలిచి ఉంటుంది, తొందరపడితే బ్యాగు పేలవచ్చు. స్టీరింగ్ మధ్యలో బ్యాగు ఉండే ప్యాడ్ విప్పితే పసుపు కనెక్టర్ సగమే కూర్చుని ఉంది. వేలితో నొక్కితే 'టిక్' మని లాకు పడింది. ఆ బ్యాగుకు మల్టీమీటర్ మాత్రం తగిలించనివ్వలేదు. మీటరు పంపే కొద్దిపాటి కరెంటు కూడా దానికి ప్రమాదమే.

అన్నీ బిగించాకే బ్యాటరీ కలిపాడు. లోపల ఎవరూ కూర్చోకుండా, స్టీరింగ్‌కు ఎదురుగా లేకుండా పక్కనుంచి తాళం తిప్పాడు. దీపం ఆరేడు సెకన్లు వెలిగి ఆరిపోయింది. స్కానర్‌లో ఆ లోపం 'ప్రస్తుతం' నుంచి 'పాతది'కి మారింది, చెరిపేస్తే మళ్లీ రాలేదు. లోపం ఉండగా చెరపబోతే ఇది ఒప్పుకోదు, వెంటనే మళ్లీ చూపిస్తుంది. నాకు బాగా నచ్చిన గుణం అదే.

లోటుపాట్లు లేకపోలేదు. మే నెల ఎండలో తెర కనిపించదు. మొదటి ఏడాది తర్వాత అప్‌డేట్లకు డబ్బు కట్టాలి. ప్రమాదంలో బ్యాగు పేలినప్పుడు కంప్యూటర్‌లో నమోదైన వివరాన్ని ఇది చెరపలేదు. అలాంటప్పుడు బ్యాగుతో పాటు కంప్యూటర్‌నూ మార్పించుకోవడమే మంచిది.

నిరుడు మా బావమరిది గుంటూరులో పాత కారు చూస్తే దీన్ని పట్టుకెళ్లాను. తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ దీపం ఒక్కసారైనా వెలగలేదు. స్కానర్‌కు ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ నుంచి జవాబే రాలేదు. అమ్మేవారు "దీపం లేదంటే లోపం లేనట్టే కదండీ" అన్నారు. తాళం తిప్పగానే కొన్ని సెకన్లైనా వెలగాల్సిన దీపం అసలు వెలగలేదంటే దాన్నే తీసేసి ఉండొచ్చని అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగొచ్చేశాం.