వాకర్స్‌వుడ్ జెర్క్ ముద్ద: మా గ్రిల్ మీద మూడు వేసవులు

మా ఫ్రిజ్ తలుపు అరలో ఎప్పుడూ అయిపోకుండా చూసుకునేవి రెండే. ఒకటి తెనాలి నుంచి వచ్చే గోంగూర పచ్చడి. రెండోది జమైకా వాళ్ల వాకర్స్‌వుడ్ జెర్క్ సీజనింగ్, ‘హాట్’ అని రాసి ఉండే రకం. 280 గ్రాముల చిన్న గాజు సీసా. మూడు వేసవులుగా వాడుతున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను: మసాలా పట్టించి కాల్చే కోడికి బజార్లో దొరికేవాటిలో నాకు ఇంతకన్నా నచ్చింది లేదు.

హ్యూస్టన్ శివార్లలో ఇల్లు కొన్న ఏడాదే బొగ్గుల గ్రిల్ కూడా కొన్నాను. మొదటి రోజు ఏదో తీపి బార్బెక్యూ సాస్ తెచ్చి, కోడి తొడలకు దట్టంగా పూసి, నేరుగా నిప్పుల మీద పెట్టేశాను. పది నిమిషాలకే పైన నల్లగా మాడిపోయింది, ఎముక దగ్గర ఇంకా పచ్చి. పిల్లలు ఆ పూట పెరుగన్నం తిని పడుకున్నారు. పంచదార ఎక్కువున్న సాసులు చివరి ఐదు నిమిషాల్లో పూయాలని తర్వాత తెలిసింది. అప్పుడు పూసినా ఆ రుచి పైపైనే ఉంటుంది. చిన్నప్పటి నుంచి ముక్కకు ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి నానబెట్టిన కూర తిన్న నోటికి అది సరిపోదు. ముందు రోజు రాత్రే పట్టించే ముద్ద కావాలి నాకు. జమైకా నుంచి వచ్చిన ఆఫీసు స్నేహితుడు ఈ సీసా పేరు చెప్పాడు.

జెర్క్ అంటే సాస్ కాదు, కాల్చే పద్ధతి. బానిసత్వం నుంచి తప్పించుకుని జమైకా కొండల్లో తలదాచుకున్న మరూన్లు అడవి పంది మాంసానికి మసాలా దట్టించి, పిమెంటో చెట్టు (ఆల్‌స్పైస్ అనే మసాలా గింజ కాసేది ఇదే) కట్టెల మీద నిదానంగా కాల్చుకునేవాళ్లు. ఇప్పటికీ పోర్ట్‌లాండ్ ప్రాంతంలోని బోస్టన్ బే జెర్క్‌కి పేరున్న చోటు. వాకర్స్‌వుడ్ అనేది సెయింట్ ఆన్ ప్రాంతంలో ఒక పల్లె. ఊళ్లోవాళ్లకు పని దొరకాలని 1978లో అక్కడ మొదలైన సంస్థ ఇది, ఆ ఊరి పేరే పెట్టుకుంది.

మూత తీస్తే కనిపించేది ముదురు గోధుమ రంగు ముద్ద. ఉల్లికాడల నారలు, మిరప గింజలు కంటికి ఆనుతాయి. అచ్చం రోట్లో కచ్చాపచ్చాగా నూరినట్టే ఉంటుంది. మొన్న అమ్మ వచ్చినప్పుడు వేలి కొసకు కొంచెం అంటించుకుని ముందు వాసన చూసింది, తర్వాత నాలిక మీద పెట్టుకుంది.

“ఒరేయ్, లవంగాలు బాగా వేశారే. వాము కూడా వేశారా?”

సీసా మీద రాసింది చదివి వినిపించాను. ఉల్లికాడలు, స్కాచ్ బానెట్ మిరపకాయలు, ఉప్పు, మిరియాలు, ఆల్‌స్పైస్, జాజికాయ, కొంచెం పంచదార, థైమ్ ఆకు. లవంగమూ లేదు, వామూ లేదు. అయినా అమ్మ ముక్కు తప్పు చెప్పలేదు. లవంగానికి ఆ వాసన ఇచ్చే యూజెనాల్ ఆల్‌స్పైస్ గింజలోనూ ఉంటుంది. వాములోని థైమాలే థైమ్ ఆకులోనూ ఉంటుంది. ఈ ముద్ద మొదటిసారే నాకు అంత దగ్గరగా ఎందుకు అనిపించిందో ఆ రోజు అర్థమైంది.

కారం మాత్రం మన కారం కాదు. గుంటూరు సన్నం రకం, మిరప ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో 35,000 నుంచి 40,000 దాకా ఉంటుందంటారు. స్కాచ్ బానెట్ లక్ష దగ్గర మొదలై మూడున్నర లక్షల దాకా వెళ్తుంది. కాకపోతే ఆ మిరపకాయకి పండు వాసన ఒకటి ఉంటుంది, ఘాటుకన్నా ముందు అదే తగులుతుంది. చేతికి గ్లవ్స్ లేకుండా కలపొద్దు. నేను ఒకసారి కలిపి, చేతులు కడుక్కునే కంట్లో పెట్టుకున్నాను. అరగంట సింక్ దగ్గరే నిలబడ్డాను.

నేను చేసే పద్ధతి ఇది. ఎముకా తోలూ ఉన్న తొడ ముక్కలు రెండు కిలోలు తీసుకుని, ఎముక తగిలేదాకా గాట్లు పెడతాను. దానికి ఐదు పెద్ద చెంచాల ముద్ద, ఒక చెంచా నూనె. ఉప్పు వేయను, ముద్దలో ఉన్నదే సరిపోతుంది. మొదటిసారి అలవాటుకొద్దీ వేస్తే నోట్లో పెట్టుకోలేకపోయాం. రాత్రంతా ఫ్రిజ్‌లో నానాలి. మూడు గంటలు నానబెట్టి కూడా చూశాను, గాట్ల దగ్గర తప్ప లోపల చప్పగానే ఉంది.

బొగ్గుల మీద బూడిద కమ్మాక అన్నీ ఒక పక్కకు నెట్టి, ముక్కలు రెండో పక్కన పెట్టి మూత వేస్తాను. ఇక్కడ పిమెంటో కట్టె సులువుగా దొరకదు. దాని బదులు ఆల్‌స్పైస్ గింజలు గుప్పెడు నీళ్లలో నానబెట్టి నిప్పుల మీద చల్లుతాను. అవి ఆ చెట్టు కాయలే. మెక్సికన్ మసాలాల వరసలో ‘పిమియెంతా గోర్దా’ పేరుతో చిన్న పొట్లాల్లో వేలాడుతుంటాయి, ఖరీదు కూడా తక్కువే. ఆ పొగ లేకపోతే సగం రుచి పోయినట్టే. ముక్క లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వస్తే ఉడికినట్టే కానీ, తొడ ముక్కను 180 దాకా వదిలేస్తేనే ఎముక నుంచి మెత్తగా ఊడి వస్తుంది. ఆఖరున రెండు నిమిషాలు నేరుగా నిప్పుల మీద తిప్పి, దించాక నిమ్మకాయ పిండుతాను.

రొయ్యలకు ఇరవై నిమిషాలు నానితే చాలు, బాగుంటాయి. చేపకు నేను వాడను, చేప రుచి తెలియదు. పిల్లలకు ‘మైల్డ్’ రకం దొరుకుతుంది, మా చిన్నది అదే తింటుంది.

మేక మాంసం దగ్గరే నాకు చాలా రోజులు కుదరలేదు. జమైకాలో మేకను ఎక్కువగా కూరే వండుతారు. 1845 నుంచి మన దేశం వదిలి కూలి పనికి ఓడలెక్కిన వాళ్లతో అక్కడికి చేరిన వంట అది. నాకేమో పక్కటెముకలు గ్రిల్ మీదే కావాలి. ముద్ద వాసన బ్రహ్మాండంగా పట్టేది, ముక్క మాత్రం తోలులా సాగేది. ఫోన్లో చెప్తే అమ్మ, “పచ్చి బొప్పాయి తురిమి ఒక్క చెంచా కలుపు నాన్నా, ఎక్కువైతే పిండైపోతుంది” అంది. పోయిన శనివారం అలాగే కలిపి నాలుగు గంటలు ఉంచాను. గంటన్నర సన్నసెగ మీద మూత పెట్టి కాల్చాను. పంటితో లాగితే ఎముక శుభ్రంగా బయటికొచ్చింది, మిరియాల ఘాటు, జాజికాయ వాసన ముక్క లోపలికంటా దిగాయి. ఒక కిలో పక్కటెముకలకు మూడు చెంచాల ముద్ద పట్టింది.