ఫ్యూయల్ పంప్ చెకింగ్‌కి స్కానర్ కొంటున్నారా? యాక్టివ్ టెస్ట్ ఉంటేనే కొనండి

బండి స్టార్ట్ కాకపోతే చాలు, పంప్ పోయిందని తేల్చేసి ట్యాంక్ దింపేస్తారు, కొత్తది బిగించాక తెలుస్తుంది పోయింది రిలే (పంప్‌కి కరెంటిచ్చే స్విచ్) అని. ఆ గొడవ లేకుండా ఉంటుందనే బండి కంప్యూటర్‌కి తగిలించి చూసే ఈ స్కానర్ తీసుకున్నాను. ఫాల్ట్ కోడ్‌లు చదివి చెరిపేసే చవక రకం కాదు, యాక్టివ్ టెస్ట్ (స్కానర్‌లోంచే పంప్ లాంటి పార్టుల్ని ఆన్ చేసి చూడటం) ఉన్నది. నన్నడిగితే పెట్టిన డబ్బంతా ఆ ఒక్కదానికే.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, మెనూలో ఫ్యూయల్ పంప్ ఆన్ నొక్కితే రిలే టక్కుమనాలి, వెనక ట్యాంక్‌లోంచి సన్నగా గుయ్యిమని వినిపించాలి. రిలే కొట్టినా పంప్ పలక్కపోతే దాని కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి మళ్లీ నొక్కండి. బ్యాటరీ వోల్టేజీ వస్తోంది, ఎర్తింగూ బాగుంది, అయినా తిరగట్లేదంటే అప్పుడు పంప్‌ని అనండి. మామూలుగా చాలా బళ్లలో కీ తిప్పితే పంప్ ఓ రెండు సెకన్లు తిరిగి ఆగిపోతుంది, ఆలోపు మీటర్ చూడటం మహా చిరాకు; ఈ టెస్ట్‌తో అయితే కావాలన్నప్పుడు మళ్లీ నొక్కుకోవచ్చు.

లైవ్ డేటా గ్రాఫ్ కూడా బాగుంది. ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) ఐడిల్‌లో సున్నా దగ్గరే ఉండి, లోడ్ పడేసరికి ప్లస్ 15, 20 శాతానికి ఎక్కుతుంటే పెట్రోల్ చాలట్లేదేమో చూడాలి (ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికిపట్టినా ఇలాగే చూపిస్తుంది, తొందరపడకండి). ఐడిల్‌లో ఎక్కువుండి రేజ్ చేస్తే తగ్గిందా, వాక్యూమ్ లీక్ (ఇంజిన్‌లోకి దొంగదారిన గాలి దూరడం) వెతుక్కోండి.

నచ్చనిది అట్టపెట్టె మీద రాసిన గొప్ప. ఫ్యూయల్ సిస్టమ్ మొత్తం చెక్ చేస్తుందట! చాలా పోర్ట్ ఇంజెక్షన్ బళ్లలో (పెట్రోల్‌ని సిలిండర్ బయట గాలి దారిలో చల్లేవి) అసలు ప్రెషర్ సెన్సరే ఉండదు, లేనిదాన్ని స్కానర్ ఎక్కణ్ణుంచి చూపిస్తుంది? స్క్రీన్ మీద పంప్ ఆన్ అని పడిందంటే ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) ఆర్డర్ ఇచ్చిందని మాత్రమే, పంప్ తిరిగిందనీ కాదు, ప్రెషర్ వచ్చిందనీ కాదు. దానికి గేజ్ పెట్టాల్సిందే. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చల్లే డైరెక్ట్ ఇంజెక్షన్ బళ్లలో రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) ప్రెషర్ కనిపిస్తుంది, కావాల్సినదెంత, వస్తున్నదెంత పక్కపక్కనే. కానీ పీ0087 (రైల్ ప్రెషర్ తక్కువుందనే) కోడ్ వచ్చినా తప్పు ట్యాంక్‌లోని పంప్‌దా, ఇంజిన్ మీదుండే హై ప్రెషర్ పంప్‌దా అన్నది ఆ కోడ్ చెప్పదు.

ఇంకోటి, యాక్టివ్ టెస్ట్ అన్ని బళ్లకీ రాదు. మీ మోడల్‌కి ఫ్యూయల్ పంప్ టెస్ట్ ఉందో లేదో కంపెనీ లిస్టులో చూసుకున్నాకే డబ్బులు కట్టండి.