మాడ్రిడ్‌లో రొసాలెస్ చిత్రాల కోసం

19వ శతాబ్దపు స్పానిష్ చిత్రకారుడు ఎదువార్దో రొసాలెస్ వేసిన చిత్రాలు చూడాలనే మాడ్రిడ్ వెళ్లేవారు అరుదు. అక్కడి ప్రాడో మ్యూజియంలో ప్రసిద్ధ చిత్రకారులు వెలాస్కెజ్, గోయాల గదులు తిరిగేసరికే కాళ్లు మొరాయిస్తాయి కనుక, కింది అంతస్తులోని 19వ శతాబ్దపు గదుల్ని చూడకుండానే చాలామంది బయటపడతారు. ఉదయం 10 గంటలకు తలుపులు తీయగానే నేరుగా ఆ గదులకే వెళ్లడం మంచిది. నేను వెళ్లినప్పుడు అక్కడ కాపలా ఉద్యోగి తప్ప మరెవరూ లేరు.

1836లో మాడ్రిడ్‌లోనే పుట్టిన రొసాలెస్ చిన్న వయసులోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, 1857లో రోమ్ చేరి, క్షయతో పోరాడుతూనే బొమ్మలు వేశాడు. మరణశయ్య మీద వీలునామా చెబుతున్న పాతకాలపు స్పెయిన్ రాణి ఇసబెల్లా చిత్రం 1864లో ఆయనకు జాతీయ ప్రదర్శనలో మొదటి పతకాన్ని, 1867లో పారిస్‌లో బంగారు పతకాన్ని తెచ్చిపెట్టింది. ఆ చిత్రంలోని నిశ్శబ్దం, తెల్లని పరుపు మీద పడే వెలుతురు అందరికీ నచ్చుతాయి. అయినా నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది 1871 నాటి ‘లుక్రేసియా మరణం’.

కథ రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిందే: రాజకుమారుడు సెక్స్‌టస్ తార్క్వినియస్ చెరిచిన లుక్రేసియా, తన వాళ్లను పిలిపించి జరిగినదంతా చెప్పి పొడుచుకుని చనిపోతుంది, ఆ బాకును పట్టుకుని, ఆమె భర్త వెంట వచ్చిన బ్రూటస్ చేసిన ప్రతిజ్ఞతో రోమ్‌లో రాజరికమే అంతమవుతుంది. ఈ బ్రూటస్ సీజర్‌ను పొడిచినవాడు కాదు, అతనికి శతాబ్దాల ముందువాడు. సుమారు రెండున్నర మీటర్ల ఎత్తు, మూడున్నర మీటర్ల వెడల్పున్న ఆ కాన్వాసు మీద నగలూ పాలరాతి నునుపూ కనిపించవు. వాలిపోతున్న ఒక దేహం, దాన్ని పట్టుకున్న చేతులు, పైకి లేచిన బాకు, వాటిని కలిపే వెడల్పాటి కుంచె గీతలు మాత్రమే ఉన్నాయి. ఆనాటి విమర్శకులు దీన్ని సగంలో వదిలేసిన పని అని ఎత్తిపొడిస్తే, పూర్తికాకపోయినా అయిపోయిందని రొసాలెస్ బదులిచ్చాడంటారు. దగ్గరికి వెళితే చెదిరిన రంగుగా కనిపించేది, గది అవతలి గోడ దాకా వెనక్కి నడిస్తే శోకంగా కుదురుకుంటుంది. కనుక ఈ చిత్రాన్ని దూరం నుంచే చూడాలి. 1871 జాతీయ ప్రదర్శనలో పతకం వచ్చినా ఆయన బతికుండగా ఇది అమ్ముడుపోలేదు. 1873లో, రోమ్‌లో కొత్తగా పెట్టిన స్పానిష్ కళా అకాడమీకి తొలి డైరెక్టర్‌గా నియమితుడయ్యాక, అక్కడికి వెళ్లకుండానే 36 ఏళ్లకు కన్నుమూశాడు.

ప్రాడోలో సాయంత్రం చివరి రెండు గంటలు ప్రవేశం ఉచితమే, కానీ క్యూలోనే సగం సమయం పోతుంది; టికెట్ కొనడమే లాభం. ఫొటోలు తీయనివ్వరు, పెద్ద సంచులు బయట అప్పగించాలి. లోపలి కెఫేలో ధరలకు తగిన రుచి లేదు.

బసకు ఆతోచా స్టేషన్ పరిసరాలు అనుకూలం, మ్యూజియానికి నడిచి వెళ్లవచ్చు. మేం దిగింది పాత భవనంలో ఒక అంతస్తును మాత్రమే వాడుకునే చిన్న హోటల్: గది శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదస్తులు, అయితే లిఫ్టు లేదు, వీధి గోల అర్ధరాత్రి దాటినా ఆగదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు లిఫ్టు సంగతి ముందే అడగాలి. శాకాహారులకు పిస్తో అనే కూరగాయల ఇగురు దొరుకుతుంది, కానీ పైన గుడ్డు వేసి ఇవ్వడం మామూలు. అన్నం మీదికి మనసు పోతే లవాపియేస్ పేటలో భారతీయ హోటళ్లున్నాయి.

సోమవారం తప్ప ఏ రోజైనా రొమాంటిసిజం మ్యూజియానికి వెళ్లవచ్చు. టికెట్ చవక, జనం తక్కువ; రొసాలెస్ పుట్టిన కాలంలో మాడ్రిడ్ సంపన్నులు ఎలాంటి ఇళ్లలో బతికారో తెలియడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఆయన పేరు పెట్టిన వీధిలో ఆయన విగ్రహం ఉంది. దాని కోసమే అంత దూరం వెళ్లనక్కర్లేదు గానీ, దగ్గర్లోని దెబోద్ ఈజిప్టు గుడికి వెళ్లేవారు దారిలో చూడవచ్చు. సాన్ హుస్తో శ్మశానంలోని ఆయన సమాధి నగరం అవతలి వైపున ఉంది కనుక, సమయం బాగా మిగిలితేనే దాన్ని పెట్టుకోవాలి. తక్కువ వ్యవధి ఉన్నవారు ఆ పూటను కూడా ప్రాడోకే ఇవ్వడం మేలు.