ఆటోనగర్ పాత సామాను షాపులో స్కూబా ట్యాంకులు: చూసి కొనండి

విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇనుము, ఓడ సామాను అమ్మే ఒక షాపులో పాత స్కూబా ట్యాంకులు, అంటే నీటి అడుగున ఈదేవాళ్లు వీపున కట్టుకునే గాలి సిలిండర్లు, ఉన్నాయి. ఐదుకి మూడు స్టార్లు ఇస్తాను. సరుకు అసలుదే, బేరమాడితే ధరా దిగుతుంది, ఎంతసేపు తిప్పి చూసినా షాపాయన విసుక్కోడు. కానీ "ఆక్సిజన్ సిలిండరే సార్, గాలి నింపి దిగిపోవచ్చు" అంటాడు చూడండి, అది మాత్రం నమ్మొద్దు. అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, ఒత్తిడితో నింపిన మామూలు గాలి. దశాబ్దాలుగా పరీక్ష లేని ట్యాంకుని నింపడం ప్రాణాలతో చెలగాటం.

ముందు ట్యాంకు భుజం మీద, అంటే మెడ కింద వాలుగా ఉండే చోట, చెక్కిన అక్షరాలు చదవండి, పెయింటు అడ్డొస్తే థిన్నర్‌తో తుడిపించండి. 3ఏఏ అంటే స్టీలు, 3ఏఎల్ అంటే అల్యూమినియం, అనుమానముంటే అయస్కాంతం చెప్పేస్తుంది. నేను చూసిన స్టీలు ట్యాంకు మీద నింపే ఒత్తిడిని పీఎస్‌ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లలో) చెప్పే 2250 అంకె, మొదటి పరీక్ష తేదీ పక్కన ప్లస్ గుర్తు ఉన్నాయి, అంటే పరీక్ష చెల్లుబాటులో ఉన్నంతకాలం 10 శాతం ఎక్కువగా, 2475 పీఎస్‌ఐ వరకు నింపొచ్చని. మొదటి తేదీ తయారైన కాలం చెబుతుంది. అమెరికాలో 5 ఏళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటిని ఒత్తిడితో నింపి చేసే బలం పరీక్ష) చేసి కొత్త తేదీ కొడతారు, దీని మీద 1980ల తర్వాత ఒక్క ముద్రా లేదు.

అల్యూమినియం అయితే ఇంకా జాగ్రత్త. లక్స్‌ఫర్ కంపెనీ అమెరికాలో 1988 దాకా 6351 అనే మిశ్రమలోహంతో చేసిన ట్యాంకుల్లో కొన్నిటికి మెడ దగ్గర మరల్లో పగుళ్లు వచ్చాయి, నింపుతుండగా పేలినవీ ఉన్నాయి. ఎంత మెరిసినా నేను ముట్టుకోను. షాపాయన పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) చేయించి ఇస్తానన్నాడు, వద్దనండి, ఆ ఓవెన్ వేడికి అల్యూమినియం బలం పోతుంది.

స్టీలుకి గుండ్రటి అడుగు కాబట్టి కింద రబ్బరు బూటు ఉంటుంది, తప్పకుండా ఊడదీయించండి, ఉప్పునీరు చేరి గుంటలు పడేది అక్కడే. గాలి పూర్తిగా పోయిందని ఖాయం చేసుకున్నాకే వాల్వ్ విప్పించి లోపల టార్చ్ కొట్టండి. పాతవాటిలో కొన్నిటికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, తుప్పు దాని వెనకే దాక్కుంటుంది. తుప్పు లోపలి గాలిలోని ఆక్సిజన్‌ని కూడా తినేస్తుంది, ఇది చాలామందికి తెలియదు.

మన దగ్గర సిలిండర్లకి పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి, 2016 నాటి గ్యాస్ సిలిండర్ రూల్స్ ఉన్నాయి. అనుమతి లేని విదేశీ ట్యాంకుని ఎక్కడా నింపకూడదు, షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పరు, అందుకే రెండు స్టార్లు తగ్గించాను.

నేను కొన్నది జే వాల్వ్, అంటే రిజర్వు గాలి లివర్ ఉన్న పాతకాలపు వాల్వ్, ఉన్న స్టీలుది. గాలి కొలిచే గేజ్ అందరి దగ్గరా లేని రోజుల్లో, ఊపిరి బిగుస్తోందనగానే ఆ లివర్ లాగితే సుమారు 300 పీఎస్‌ఐ రిజర్వు గాలి అందేది. అది మాత్రం నిజంగా చూడాల్సిన పనితనం, వాల్వ్ విడిగా కావాలన్నా అమ్ముతున్నారు.