బార్ గ్రాఫ్ నేర్పడానికి ఏది మేలు: అగ్గిపెట్టెలా, గళ్ల కాగితమా, వర్క్‌బుక్కా?

మూడో తరగతి పిల్లలకు బార్ గ్రాఫ్, అదే మన పుస్తకాల్లోని కమ్మీ చిత్రం, నేర్పాలంటే నేను అగ్గిపెట్టెలతోనే మొదలుపెడతాను.

ఇష్టమైన పండు పేరు చెప్పి, ఒక్కొక్కరూ ఒక్కో ఖాళీ అగ్గిపెట్టె పేర్చాలి. ఒకసారి మామిడికి 9 మంది, అరటికి 6, జామకు 4 మంది వచ్చారు. సీతాఫలం దగ్గర ఏమీ లేదు. జామ వైపున్న పిల్ల అగ్గిపెట్టెకు బదులు సబ్బుపెట్టె తెచ్చి నిలబెట్టింది. జామ అరటిని దాటేసింది. "తొండి టీచర్!" అని అరటివాళ్లు లేచారు. ఎందుకని అడిగితే, "తను ఒక్కతే కదా, పెట్టె ఐదుగురంత ఉంది" అన్నాడొకడు. అన్నీ ఒకే కొలతలో ఉండాలన్న మాట నేను చెప్పనే లేదు, వాళ్లే పట్టుకున్నారు. ఖాళీగా ఉన్న సీతాఫలం చోటు చూసి సున్నా అంటే ఏమిటో కూడా తెలిసింది.

కానీ పెట్టెలు పడిపోతాయి, 40 దాకా పేర్చలేం. అక్కడ గళ్ల కాగితమే మేలు. ఒక గడికి ఒకరు అన్నంతవరకు ఇబ్బంది లేదు. ఒక గడికి 5 మంది అనగానే చిక్కు మొదలవుతుంది. రెండు గళ్లు చూసి పది అనాల్సింది పోయి రెండు అంటారు. ఇంకో తప్పు, అంకెల్ని గీతల దగ్గర కాకుండా గళ్ల మధ్యలో రాయడం. స్కేలు 0 నుంచి మొదలవ్వాలని ఇక్కడే నిదానంగా చెప్పాలి. దీనికి వారం పట్టినా తొందరపడొద్దు.

వర్క్‌బుక్ అభ్యాసానికి పనికొస్తుంది, మొదటి పాఠానికి కాదు. "ఎక్కువమందికి ఏది ఇష్టం?" అంటే పొడుగు కమ్మీ చూసి చెప్పేస్తారు. గణిత బోధనపై పరిశోధన చేసిన ఫ్రాన్సిస్ కర్సియో 1987లోనే గ్రాఫ్ అర్థం చేసుకోవడంలో మూడు మెట్లు చెప్పారు: ఉన్నది చదవడం, పోల్చి చూడడం, దాన్ని దాటి ఆలోచించడం. మనం తరచూ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం. "మామిడి కంటే అరటి ఎంత తక్కువ?" అంటే చాలామంది 6 అంటారు. అలాంటప్పుడు రెండు దొంతరలూ పక్కపక్కన పెట్టించి, పైన మిగిలిన మూడు పెట్టెల్నీ వేలితో తాకిస్తాను.

టైమ్ లేక ఒక్క పీరియడే దొరికితే, దాన్ని పెట్టెలకే ఇవ్వండి. చివర్లో ఒక్క ప్రశ్న అడగండి: "రేపు అందరికీ పళ్లు తెస్తే, ఏవి ఎన్ని తేవాలి?"