పుట్టుకతో వచ్చే వర్ణాంధత్వం, తరువాత వచ్చే వర్ణలోపం

ఎరుపు, ఆకుపచ్చ రంగులను గుర్తించే జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై ఉంటాయి. ఆ జన్యువుల్లో తేడా ఉంటే ఆ రంగులు సరిగా తెలియవు. స్త్రీలకు ఆ క్రోమోజోములు రెండు, మగవారికి ఒక్కటే కాబట్టి, ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం మందికి, స్త్రీలలో 0.5 శాతం మందికి పుట్టుకతోనే ఈ లోపం ఉంటుంది. అది రెండు కళ్లలోనూ ఒకేలా ఉండి, జీవితాంతం మారదు.

తరువాత వచ్చే లోపం అలాంటిది కాదు. శుక్లం, గ్లాకోమా (నీటికాసులు), మధుమేహం, కొన్ని మందులు దీనికి కారణాలు. ఒక కంట్లో ఎక్కువగా, మరో కంట్లో తక్కువగా ఉండవచ్చు, ముదరనూవచ్చు. నా దృష్టిలో ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇదే. క్షయకు వాడే ఇథాంబుటాల్ కొందరిలో కంటినరాన్ని దెబ్బతీసినప్పుడు, ఎర్రని పండుమిరపకాయ కూడా రంగు వెలిసినట్టు కనిపించవచ్చు. ఆ మార్పును వెంటనే వైద్యునికి చెబితే, ఆయన మందు మార్చడం వల్ల చూపు తిరిగి మెరుగుపడే అవకాశం ఉంటుంది.